అబ్దుల్లా ఎత్తిన మూత

పెనుకొండ,
24-11-1957.

మిత్రుడు శంకరప్పకు దస్తగిరి సలాములు.

ముందు ఒక మాట. ఈ ఉత్తరం జైలు నుంచి రాస్తున్నాను. మగ్గం మీదున్న నీ ఇల్లాలు అక్కమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ వాక్యం దగ్గర ఆగొద్దు, గబగబా తర్వాతి దానికి పో. నేను ఖైదీని కాను, ఉద్యోగిని.

కోట గోడ పక్కన కొత్తగా కట్టిన చిన్న జైలుకు నన్ను మౌల్వీగా వేసుకున్నారు. హిందూ ఖైదీలకు సోమవారం లక్ష్మీనారాయణ పంతులు వస్తాడు. శుక్రవారం నాది. జుమ్మా నమాజు చేయించాలి, తర్వాత అరగంట మంచి మాటలు చెప్పాలి. రాయడం రానివాళ్లకు ఇంటికి ఉత్తరం రాసిపెట్టాలి. చెడు కబురు వచ్చినవాడి పక్కన కూర్చోవాలి. హిందూపురం మసీదులో పిల్లలకు అలీఫ్, బే నేర్పుకుంటూ ఉన్నవాణ్ణి, నాకు ఇంత పనా అని నేనే ఆశ్చర్యపోయాను.

కర్నూలులో పదిహేను రోజులు శిక్షణ కూడా ఇచ్చారప్పా. అక్కడి పెద్ద మౌలానా సాహెబు నవ్వడం నేను చూడలేదు. ఆయన చెప్పిన మూడు ముక్కలు మాత్రం నా తలలో గట్టిగా దిగాయి. ఖైదీని ఏం నేరం చేశావని ఎప్పుడూ అడగొద్దు, అది కోర్టు అడిగేసింది. ప్రవక్తల పేరు మీద, పెద్దల పేరు మీద సొంత కథలు అల్లితే ఉద్యోగంతో పాటు పరలోకం కూడా పోతుంది. ఎదుటివాడు ఏడుస్తుంటే బోధ చేయకు, మంచినీళ్లు ఇవ్వు. ఒకరోజు మమ్మల్నే సగంమందిని ఖైదీలుగా కూర్చోబెట్టి, మిగతా సగంమందిని వాళ్లకు బోధ చేయమన్నారు. నా వంతు వచ్చేసరికి నా ఖైదీ పారిపోయాడు. వెతికితే టీ అంగడిలో దొరికాడు.

అసలు కష్టం ఇప్పుడు చెప్తాను. శిక్షణ అంతా ఉర్దూలో జరిగింది. ఇక్కడి ఖైదీలేమో గోరంట్ల, కదిరి వైపు నుంచి సారా కేసుల్లో వచ్చినవాళ్లు. దూదేకులవాళ్లకు ఇంట్లో కూడా తెలుగే. కర్నూలు బోధను కష్టపడి తెలుగు చేసుకుని పోయిన శుక్రవారం లేచి నిలబడి, "ఓ మానవులారా, ఐహిక సుఖములయందు" అన్నాను. ఆ 'యందు' దగ్గరే ముగ్గురు ఒరిగిపోయారు. కాపలాకు నిలబడ్డ హెడ్ వార్డరు చెన్నప్ప అందరికంటే ముందు గురక మొదలుపెట్టాడు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మార్చిలో, రంజానుకు ముందు, మౌలానా సాహెబు స్వయంగా వచ్చి చూస్తాడు. ఆయన సరేనంటే కొళాయి ఉన్న క్వార్టర్సు ఇస్తారు, ఖైరున్‌నూ పిల్లలనూ మామగారింటి నుంచి తెచ్చుకుంటాను. కాదంటే హిందూపురంలో మామగారి బెల్లం మండీ ఉంది. "అల్లుడికి నా అంగట్లో ఈగలు తోలే పని ఎప్పుడూ ఉండాది" అని ఆయన నా మొహం మీదే అన్నాడు. తలుచుకుంటే ఇప్పుడే ఈగల మోత వినపడుతోంది.

బడిలో నువ్వు కథ చెబుతుంటే అయ్యవారు కూడా బెత్తం పక్కన పెట్టి వినేవాడు. వారానికి ఒక కథ రాసి పంపు. మామూలు మనుషుల కథ కావాలి, చివర్లో బుద్ధి రావాలి, అరగంట దాటకూడదు. నన్ను ఈగల నుంచి కాపాడు.

నీ
దస్తగిరి

*

ధర్మవరం,
1-12-1957.

దస్తగిరికి శంకరప్ప రాసేది.

ఉత్తరం అక్కమ్మకు చదివాను. నువ్వు ఆగొద్దన్న చోటే నాకు తుమ్ము వచ్చింది. రెండో వాక్యానికి పోయేలోపల ఆమె ఏడవడమూ అయింది, పక్క మగ్గం పుట్టమ్మకు కబురు చేరడమూ అయింది. ఇప్పుడు మా వీధిలో నువ్వు దొంగవు. నేను సర్ది చెబుతున్నాను గానీ ఎవరూ వినడం లేదు.

నాకు తీరిక తక్కువ. మగ్గం మీద పెళ్లి చీర ఉంది. అదిగాక మా భజన మండలి హనుమంతు కథ చెప్పు, కథ చెప్పు అని రోజూ ప్రాణం తీస్తున్నాడు. అయినా నీ కోసం ఒప్పుకుంటున్నాను.

కథ బగ్దాదులో పెట్టాను, మీవాళ్లకు గౌరవంగా ఉంటుందని. బగ్దాదుకు రైలు ఉందా? ఉంటే జంక్షనా? నేను చూసిన ఊళ్లు హిందూపురం, కదిరి, గోరంట్ల. ఈ మూడింటినీ కలిపి బగ్దాదు చేశాను. అబ్దుల్లా అని ఒక దొంగ. ఇదే ఆఖరి దొంగతనం అని ఒట్టు పెట్టుకుని, కడుపునిండా సంగటి తిని, మిట్టమధ్యాహ్నం ఒక షావుకారు ఇంటి గోడ దూకుతాడు. ఇంటిల్లిపాదీ పెళ్లికి పోయారు. లోపల పెద్ద పెట్టె. అబ్దుల్లా రెండు చేతులతో మూత ఎత్తుతాడు. అప్పుడు వెనక నుంచి ఎవరో దగ్గుతారు.

అక్కడ ఆపు. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పొద్దు. విడి కాగితాల మీద వివరంగా రాశాను, అట్లాగే చదువు. మిగతాది వచ్చే వారం.

శంకరప్ప

*

పెనుకొండ,
15-12-1957.

శంకరప్పా,

నీ చేతికి బంగారు కడియం తొడగాలి. ఒక్కడూ నిద్రపోలేదు. దగ్గు దగ్గర ఆపి కాగితాలు మడిస్తే, చెన్నప్ప లాఠీ కింద పడేసి, "ఏం సామీ, ఎవరు దగ్గింది? మాకన్నా చెప్పిపో" అని గేటు దాకా వెంటపడ్డాడు. ఆయనది కదిరి. మొండివాడు. తాళం తీయకుండా కాసేపు నిలబెట్టాడు.

ఒక చిన్న గొడవ జరిగింది. బగ్దాదులో సంగటి ఉండదని, నేను మధ్యలో దాన్ని రొట్టె చేశాను. ఓబులదేవరచెరువు కుళ్ళాయప్ప అనే ఖైదీ లేచి, "రొట్టె తిని అంత గోడ ఎట్లా దూకుతాడు సామీ? సంగటే పెట్టు వానికి" అన్నాడు. అందరూ అవునన్నారు. పెట్టాను. ఈ కుళ్ళాయప్ప ఎవరి తరగతిలో కూర్చోవాలో ఎవరికీ తెలియదు. ఆ పేరు మా వాళ్లూ పెట్టుకుంటారు, మీ వాళ్లూ పెట్టుకుంటారు. అడిగితే, "యాడ కథ బాగుంటే ఆడికి" అన్నాడు.

రెండో శుక్రవారం నమాజు కాగానే హిందూ ఖైదీలు కూడా వచ్చి వెనక కూర్చున్నారు. లక్ష్మీనారాయణ పంతులు మాత్రం నా మీద కోపంగా ఉన్నాడు. సోమవారం ఆయన గీత చెబుతుంటే ఒకడు లేచి, "అదంతా సరేగానీ పంతులూ, దగ్గిందెవరో నీకేమన్నా ఎరికనా?" అన్నాడట.

నువ్వు పంపిన రెండో భాగంలో అబ్దుల్లా చిన్నతనం అంతా వచ్చింది, బాగుంది. కానీ దగ్గు మాట రాలేదు. త్వరగా తేల్చు.

కథ గొడవలో పడి చెప్పడం మరిచాను. మొన్న ఒక కుర్రవానికి వాళ్ల నాయన పోయాడని తంతి వచ్చింది. నేను పక్కన కూర్చుని నీళ్లిచ్చాను. ఈ ఉద్యోగంలో ఇది ఒక్కటి నాకు బాగా వచ్చు అనిపించింది. అందుకే దీన్ని పోగొట్టుకోవాలని లేదు, కొళాయి కోసం మాత్రమే కాదు.

దస్తగిరి

*

ధర్మవరం,
12-1-1958.

దస్తగిరికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెన్నప్ప లాఠీ పడేసినప్పుడు చప్పుడు ఎంత వచ్చింది? కుళ్ళాయప్ప సంగటి అన్నప్పుడు వెనక వరసలో కూడా నవ్వారా, లేక ముందువాళ్లేనా? ఇట్లాంటివి రాయకుండా క్షేమ సమాచారాలు రాస్తావేమప్పా? నీ క్షేమం ఎవరికి కావాలి?

దగ్గిందెవరో ఇప్పుడే చెప్పను. అన్నీ అడగ్గానే చెప్పేస్తే అది కథ కాదు, తాసిల్దారు ఆఫీసు నోటీసు అవుతుంది. ఈసారి ఒంటెల వ్యాపారి కథ వస్తుంది. దాని తర్వాత బావి కథ. ఓపిక పట్టమను.

శంకరప్ప

*

పెనుకొండ,
9-2-1958.

శంకరప్పా,

కొంప మునిగింది. ఆఖరుదాకా నింపాదిగా చదువు.

కుళ్ళాయప్పకు శిక్ష అయిపోయి ఒక బుధవారం విడుదల చేశారు. వాడు గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాడు. "శుక్రవారం దాకా ఉండనీయండి దొరా, తిండి కూడా వద్దు" అన్నాడు. చెన్నప్ప వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి బయటికి పంపాడు. మరుసటి రోజే వాడు చంకలో సారా సీసా పెట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకు పోయి, "అయ్యా, నన్ను పట్టుకోండి. రేపు శుక్రవారం" అన్నాడు. సీసా వాసన చూస్తే అందులో ఉన్నది మజ్జిగ. పోలీసులు వెళ్లిపొమ్మన్నారు. వాడు పోయి అసలు సారా తెచ్చుకుని మళ్లీ వచ్చాడు.

వాడొక్కడే అయితే పోనీ అనుకుందును. విడుదలైనవాళ్లంతా తిరిగి వస్తున్నారు. కొత్తవాళ్లు కూడా కథ పేరు విని వస్తున్నారు. పడుకునే చోటు చాలక ఇద్దరు వంటగదిలో ఉన్నారు. సూపరింటెండెంటు దొర నన్ను పిలిపించి, "మౌల్వీ సాబ్, మిమ్మల్ని వేసింది నేరాలు తగ్గడానికి. మీరు వచ్చినాక తాలూకాలో దొంగలు పెరిగిపోయినారే" అన్నాడు. మార్చి పద్నాలుగున, శుక్రవారం, మౌలానా సాహెబు వస్తున్నాడు. ఆలోపల కథ ముగించి, జైలు ఖాళీ అయితేనే దొర నా గురించి మంచి మాట రాస్తానన్నాడు.

ఇంకో మాట. అబ్దుల్లా మూత ఎత్తి పట్టుకుని ఇప్పటికి రెండు నెలలు దాటింది. మొన్న వెనక వరస నుంచి ఒకడు, "వానికి చేయి నొయ్యదా సామీ?" అని అడిగాడు. ఒంటెలు చాలు, బావులు చాలు. ముగింపు పంపు.

దస్తగిరి

*

ధర్మవరం,
16-2-1958.

దస్తగిరికి,

నువ్వు రాసిన తీరు నాకు నచ్చలేదు. పట్టు నేసేవాణ్ణి పట్టుకుని అర చీర కోసి ఇవ్వమంటే ఇస్తాడా? ఒక మనిషి మజ్జిగ సీసా పట్టుకుని పోలీసు స్టేషనుకు పోయాడంటే, అది నా కథ గొప్పతనం. దాన్ని నువ్వు నేరం కింద లెక్కేస్తున్నావు. ముగింపు దాని వేళకు అది వస్తుంది. ఈసారి షావుకారు పెళ్లికి పోయిన దారి కథ పంపుతున్నాను.

శంకరప్ప

అన్నా, అక్కమ్మ రాసేది. ఈయప్ప కాగితం మడిచి పెట్టి నీళ్లు తాగను పోయినాడు, అందుకే గబగబా రాస్తాండా. ముగింపు పంపడని కోపం చేసుకోవద్దు. దగ్గిందెవరో ఈయప్పకే తెలీదు. ఏ కథకూ ఈయప్పకు ముగింపు తెలీదు. పోయినేడు కదిరి తేరు నాడు ఒక కథ మొదలుపెట్టినాడు, తేరు పోయి తిరిగొచ్చి నిలబడినా కథ నిలబడలేదు. హనుమంతు ఈయప్పను భజన మండలిలోనించి తీసేసినాడు. అప్పటినుంచి ఈయప్ప కథ వినేవాళ్లు యాడా లేరు. మీ జైల్లో వింటాండారని తెలిసినాక మనిషే మారిపోయినాడు. చీర నేస్తా నేస్తా నవ్వుకుంటాండాడు. అందుకే నాకు చెప్పడానికి నోరు రాలేదు. వస్తాండాడు, ఇంతే.

*

పెనుకొండ,
2-3-1958.

శంకరప్పా,

షావుకారు పెళ్లి దారి కథ నేను చదవలేదు. చించలేదు, పెట్టెలో పెట్టాను. రెండు శుక్రవారాలు గొంతు నొప్పి అని చెప్పి, మెడకు గుడ్డ చుట్టుకుని, నమాజు చేయించి వచ్చేశాను. ఖైదీలు నాకు మిరియాల కషాయం కాచి ఇచ్చారు. నొప్పి లేని గొంతుతో ఆ కషాయం తాగడం ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి పాపం చాలా నొప్పిగా ఉందని ఇంకో గ్లాసు పోశారు.

అక్కమ్మ రాసింది చదివాను. ఆమెను ఏమీ అనకు. నువ్వు నాకు ముందే చెప్పి ఉండాల్సింది, నేను కోప్పడేవాణ్ణి, అంతే కదా. నా స్నేహితుడు ఒకడు వచ్చి ఖైదీల మధ్య కూర్చుని కథ వినవచ్చునా అని దొరను అడిగాను, వాళ్ల మొహాలు చూస్తే నీకేమైనా తోస్తుందేమోనని. ఖైదీలకూ సిబ్బందికీ తప్ప ఎవరికీ ప్రవేశం లేదన్నాడు.

ఇంకా రెండు వారాలు కూడా లేదు. మామగారు ఈగలు తోలడానికి కొత్త విసనకర్ర కొన్నాడని ఖైరున్ రాసింది. ఆమె నవ్వుకుంటూ రాసిందో ఏడుస్తూ రాసిందో తెలియలేదు. నువ్వు ఉత్తరం రాయకు. ముగింపు రాయి.

దస్తగిరి

*

ధర్మవరం,
9-3-1958.

దస్తగిరీ,

రాయడానికి కూర్చున్నాను. ఏడు ముగింపులు రాశాను. దగ్గింది షావుకారు అని రాస్తే అబ్దుల్లా దొరికిపోతాడు, దెయ్యం అని రాస్తే మీ మౌలానా ఒప్పుకోడు, పిల్లి అని రాస్తే కుళ్ళాయప్ప నన్ను కొడతాడు. వినేవాళ్ల మొహాలు చూడకుండా నాకు తోచదు. ఇన్నాళ్లూ గోడకు చెప్పినట్టు చెప్పాను.

అందుకే నేనే వస్తున్నాను. ఎట్లా అని అడగొద్దు.

శంకరప్ప

*

పెనుకొండ జైలు, రెండో గది,
13-3-1958.

మౌల్వీ దస్తగిరి సాహెబు గారికి, ఖైదీ శంకరప్ప నమస్కారం.

ఇది చెన్నప్ప చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు ఉదయం గేటు దగ్గర నన్ను చూసి తలుపును గుద్దుకున్నావు. దెబ్బ ఎక్కువ తగిలిందా?

సోమవారం సైకిల్ని రైల్లో వేసుకుని పెనుకొండలో దిగాను. ధర్మవరంలో తప్పు చేస్తే అక్కడే పెడతారు కదా, అందుకని. పొద్దు గూకినాక దీపం లేకుండా సైకిలెక్కి పోలీసాయన ముందు నుంచి పోయాను. ఆయన చూడలేదు. మళ్లీ వచ్చి బెల్లు కొట్టుకుంటూ పోయాను. "జాగ్రత్తగా పోప్పా, చీకటి పడతాండాది" అన్నాడు. మూడోసారి ఆయన కాలి దగ్గర దిగి, "అయ్యా, నా సైకిలుకు దీపం లేదు" అని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన నిట్టూర్చి, "కథకేనా?" అన్నాడు. స్టేషను మెట్ల మీద అప్పటికే కొంతమంది కూర్చుని ఉన్నారు. కోర్టులో జరిమానా కట్టనన్నాను. "చూస్తే మర్యాదస్తునిలా ఉండావే, కట్టేసి పోవయ్యా" అని మేజిస్ట్రేటు గారు బతిమాలారు. చివరికి విసుగొచ్చి వారం రోజులు వేశారు.

దస్తగిరీ, నేను కథ రాసినవాణ్ణని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నుంచీ వీళ్లు దగ్గు గురించే మాట్లాడుకుంటున్నారు. కుళ్ళాయప్ప, "అది వాళ్లవ్వ దగ్గే. మా అవ్వ అట్లే దగ్గుతాది, నేను యాడికి పోయినా" అన్నాడు. ఒకడు అది అబ్దుల్లా పెళ్లామన్నాడు. వంటగదిలో పడుకునే తిమ్మరాజు అది పోలీసని చెప్పి తన్నులు తిన్నాడు. ఎవరికి వారు వాళ్ల ఇంటి మనిషిని తెచ్చి అబ్దుల్లా వెనక నిలబెట్టుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఒకటి చెబితే మిగతావాళ్లందరి మనుషులనూ నేను ఆ ఇంట్లోంచి తరిమేసినట్టవుతుంది. నాకు చేత కావడం లేదప్పా.

రేపు నువ్వే ఏదో ఒకటి చెప్పు. నీకు ఏది తోస్తే అది. నేను మూడో వరసలో కూర్చుని వింటాను. నా కథను నేను ఇంతవరకూ ఎవరి నోటా వినలేదు.

శంకరప్ప

*

పెనుకొండ,
15-3-1958.

చెల్లెలు అక్కమ్మకు దస్తగిరి దీవించి రాసేది.

ముందుగా, నీ మొగుడు క్షేమం. బాగా తింటున్నాడు. జైలు టోపీ కూడా నప్పింది. మంగళవారం వదిలేస్తారు. నువ్వు ఏడుస్తూ ఉంటే ఇక్కడ ఆపి మంచినీళ్లు తాగి మిగతాది చదువు. ఇది నాకు శిక్షణలో నేర్పిందే.

నిన్న జుమ్మాకు మౌలానా సాహెబు వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పక్కన దొర. మౌలానాకు తెలుగు రాదు, అందుకని ఒక మున్షీ చెవిలో ఉర్దూ చేసి చెబుతున్నాడు. లక్ష్మీనారాయణ పంతులు కూడా వచ్చి, వరండాలో పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. నమాజు అయింది. కథ చెప్పడానికి లేచాను. నా చేతిలో ఒక్క కాగితం లేదు, తలలో ఒక్క మాట లేదు. మౌలానా సాహెబును చూస్తే మా మామగారి విసనకర్ర కనపడింది. "వెనకనుంచి ఎవరో దగ్గినారు" అని మొదలుపెట్టి ఆగిపోయాను. అప్పుడు మూడో వరసలో నీ మొగుడి మీద చూపు పడింది. టోపీ చెవుల మీదికి దిగి, నోరు తెరుచుకుని, అందరికంటే ఎక్కువ ఆత్రంగా నన్ను చూస్తున్నాడు.

నాకు నవ్వొచ్చింది చెల్లీ. ఇతని కథను నాదిగా చెప్పుకుంటూ నేను ఇక్కడ. తెలియని ముగింపును తెలుసంటూ ఇతను అక్కడ. ఇద్దరం నెలల తరబడి వణుకుతూ నిలబడ్డాం. ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలం అనుకున్నాను. అనుకోగానే కథ ముగిసిపోయింది.

ఇట్లా చెప్పాను. అబ్దుల్లా తిరిగి చూసినాడు. గాదె వెనక ఇంకో దొంగ ఉండాడు. వాడు అబ్దుల్లా కంటే ముందే గోడ దూకినాడు. అబ్దుల్లా షావుకారేమో అని వాడు, వాడు షావుకారేమో అని అబ్దుల్లా, ఇన్నాళ్లూ ఇద్దరూ బిర్రబిగుసుకుని నిలబడినారు. ఆ రెండోవాడు బయటికొచ్చి అన్నాడు కదా, "మూత దించబ్బా, చేయి నొస్తాది." అబ్దుల్లా మూత దించినాడు. "మీ ఇంట్లో సంగటి చేసినారా?" "చేసింటారు." "అయితే పా, పోదాం." ఇద్దరూ ఒకరికొకరు చేయిచ్చుకుని గోడ దూకి ఇండ్లకు పోయినారు. అయిపోయింది.

అందరూ ఒక్కసారి నవ్వారు. చెన్నప్ప లాఠీ మళ్లీ పడేశాడు. వెనక వరసలో ఒకడు రెండు చేతులూ దించుకుని బాగా విదిలించాడు, మూత పట్టుకున్నది తానే అయినట్టు. కుళ్ళాయప్ప లేచి, "దొరా, నన్నెప్పుడు వదిలేది? మా అవ్వ ఒక్కతే ఉండాది" అన్నాడు. ఈ జైల్లో ఆ మాట విని చాలా రోజులైంది. దొర తన కుర్చీలోంచి సగం లేచాడు.

మౌలానా సాహెబు మాత్రం కదల్లేదు. కూర్చున్న చోటినుంచే ఖైదీలను వరసగా చూసి, నుదుట విభూతి పెట్టుకున్న ఒక మనిషి దగ్గర వేలు ఆపి, "ఇతనికి ఈ బోధ వల్ల ఏం తెలిసిందో అడుగు" అని మున్షీతో అన్నాడు. అంతమందిలో ఆయనకు నీ మొగుడే దొరికాడు. శంకరప్ప లేచి నిలబడి, కళ్లు తుడుచుకుని, "ఇన్నాళ్లకు దగ్గిందెవరో తెలిసింది సామీ" అన్నాడు.

ఈ కథ ఏ పుస్తకంలోదని మౌలానా సాహెబు నన్ను అడిగాడు. ఏ పుస్తకంలోదీ కాదు, ధర్మవరంలో పట్టు నేసే నా స్నేహితుడు అల్లినది, ముగింపు ఒక్కటే నాది అన్నాను. ఆ స్నేహితుడు ఎక్కడ ఉన్నాడని అడిగాడు. మూడో వరసలో ఉన్నాడని చూపించాను. మౌలానా సాహెబు అతన్నీ, టోపీనీ, నన్నూ చూసి, ఇతను ఏం నేరం చేశాడని అడగబోయి నోరు తెరిచాడు. తన సూత్రం తనకే గుర్తొచ్చి మూసుకున్నాడు. ఆ తర్వాత నవ్వాడమ్మా. కర్నూలులో పదిహేను రోజుల్లో నేను చూడని పళ్లు నిన్న అన్నీ చూశాను.

ఉద్యోగం ఖాయం. పండగకు ఖైరున్, పిల్లలు ఇక్కడే ఉంటారు. ఒక షరతు పెట్టాడు, ఇకమీదట ఏ శుక్రవారం కథ ఆ శుక్రవారమే ముగియాలి. శంకరప్పకు ఈ మాట చెబితే కాస్త దిగులుపడ్డాడు. కథలు మాత్రం అతన్నే రాయమన్నాను. మొదలు అతనిది, ముగింపు నాది.

పోలీసు స్టేషనులో ఉన్న సైకిలుకు మంచి దీపం ఒకటి కొని పంపుతున్నాను. అతని చేత బిగింపించు. నా తమ్ముని లాంటివాణ్ణి జైల్లో చూడటం నాకు బాగాలేదు, చూసినందుకు మాత్రం బాగుంది.

నీ అన్న
దస్తగిరి

*

ధర్మవరం,
6-4-1958.

దస్తగిరన్నకు అక్కమ్మ నమస్కారం.

ఖైరున్ వదినె, పిల్లలు వచ్చినారని తెలిసి సంతోషం. కొళాయిలో నీళ్లు బాగా వస్తాండాయా?

దీపం అందింది. ఈయప్ప దాన్ని సైకిలుకు బిగించలేదు. తుడిచి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టినాడు. ఎందుకని అడిగితే, "వచ్చే శుక్రవారం కథకు దస్తగిరి ఏం ముగింపు చెప్తాడో నేను వినాల్నా వద్దా?" అన్నాడు. మొన్న స్టేషనుకు పోయి పెనుకొండ రైలు ఎన్ని గంటలకని అడిగొచ్చినాడు.

అన్నా, ముగింపు ముందే ఒక కార్డు మీద రాసి ఇంటికి పంపు. పోలీసాయనకు కూడా ఒక మాట చెప్పిపెట్టు, ఈయప్ప ఎన్నిసార్లు బెల్లు కొట్టినా తిరిగి చూడొద్దని.

అక్కమ్మ